ఐదుగురు ఫ్రెండ్స్, ఐదు రకాల తిండి: జపాన్‌లో ఎక్కడ కూర్చుంటే అందరికీ కుదురుతుంది?

ఒసాకాలో మొదటి రోజు సాయంత్రం ఏడింటికి నంబా వీధిలో ఐదుగురం దిక్కులు చూస్తూ నిలబడ్డాం. ఎటు చూసినా హోటళ్ళే. మాలో ఒకడికి చేపంటే ప్రాణం. ఇంకొకడు చికెన్ తప్ప ఏదీ ముట్టడు. మరొకడు పుట్టు శాకాహారి. నాలుగోవాడు మామూలుగా అన్నీ తింటాడు కానీ, మేం వెళ్ళింది నవంబర్లో. "కార్తీకమాసం రా, ఈ నెల నాకు ఉల్లిపాయ కూడా వద్దు" అని విమానం దిగాక చెప్పాడు. ఐదోవాణ్ణి నేను. ఏం పెట్టినా తింటాను, త్వరగా పెడితే చాలు. నలభై నిమిషాలు తిరిగాం. మూడు చోట్ల తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాం. చివరికి కన్వీనియన్స్ స్టోర్లో అన్నం ముద్దలు కొనుక్కుని కాలవ గట్టున కూర్చుని తిన్నాం.

ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని మిగతా రోజుల భోజనాలకి ఒక లెక్క వేసుకున్నాం. ఏది ఎక్కువ రుచిగా ఉంటుంది అన్నది పక్కన పెట్టి, మాలో తక్కువ రకాలు తినేవాడు ఎక్కడ కడుపు నిండా తినగలడు అన్న దగ్గర మొదలుపెట్టాం. మిగతా ప్రయాణమంతా దాంతోనే గడిచింది. మీరూ గ్యాంగ్‌గా వెళ్ళే ఆలోచనలో ఉంటే ఈ పోలిక పనికొస్తుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు దాషి సంగతి. మన వంటకి పోపు ఎలాగో వాళ్ళ వంటకి దాషి అలాగ. కాకపోతే పోపు పైకి కనిపిస్తుంది, దాషి కనిపించదు. కత్సువో అనే చేపని పొగబెట్టి, కట్టెలా ఎండబెట్టి, చెక్కపొట్టులా పల్చగా గీస్తారు. ఆ పొట్టునీ, కొంబు అనే సముద్రపు నాచునీ నీళ్ళలో వేసి తీసిన రసమే దాషి. మిసో సూప్‌లో, ఉడికించిన కూరల్లో, సోబా నూడుల్స్ పులుసులో, ఆఖరికి గుడ్డు అట్టులో కూడా అదే ఉంటుంది. మెనూలో వంకాయ బొమ్మ చూసి మన శాకాహారి మురిసిపోతాడు, ఆ వంకాయేమో చేప రసంలో మునిగి వస్తుంది. వెయిటర్ని అడిగితే "మాంసం లేదండీ" అంటాడు. అబద్ధమేం కాదు, అతని లెక్కలో చేప మాంసం కాదు. ఒసాకా వైపు ఇంకో తిరకాసు ఉంది. మాంసానికి వాళ్ళు వాడే "నికు" అనే మాటకి అక్కడ బీఫ్ అనే అర్థం. నికు వద్దంటే పంది మాంసం పెట్టినా పెడతారు.

అందుకని బయల్దేరే ముందే మీ శాకాహారిని కూర్చోబెట్టి అడగండి. ముక్క కనబడకపోతే చాలా? చేప రసం కూడా వద్దా? ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దా? ఈ మూడింటికీ జపాన్‌లో దొరికే సమాధానాలు వేరువేరు. మొదటి రకం వాళ్ళు ఎక్కడైనా బతికేస్తారు. రెండో రకానికి ముందే ఏర్పాట్లు కావాలి. మూడో రకానికి మామూలు హోటళ్ళలో దాదాపు ఏమీ దొరకదు, కానీ ఒకచోట మాత్రం రాజభోగం. దాని గురించి కింద చెప్తాను.

రెండోది తలల లెక్క. జపాన్‌లో చాలా హోటళ్ళు చిన్నవి. పది మంది పట్టే కౌంటర్ ముందు ఐదుగురు వెళ్ళి నిలబడితే, పక్కపక్కన ఐదు కుర్చీలు ఖాళీ అయ్యేసరికి ఆకలి చచ్చిపోతుంది. నలుగురి దాకా ఫర్వాలేదు. ఐదారుగురైతే బల్లలున్న చోటు చూసుకోవాలి. ఎనిమిది దాటితే బుకింగ్ లేకుండా బయటికి కదలొద్దు.

మూడోది, ఎంతసేపు కూర్చోవాలని ఉంది? మనవాళ్ళకి భోజనం కంటే ఆ పేరుతో చెప్పుకునే కబుర్లే ముఖ్యం. కొన్ని చోట్ల ఇరవై నిమిషాల్లో లేవాలి, కొన్ని చోట్ల రెండు గంటలు కూర్చోవచ్చు.

ఇక డబ్బు. ఈమధ్య రేటు ప్రకారం 1,000 యెన్లంటే 550 నుంచి 600 రూపాయల మధ్య ఉంటోంది. అక్కడ టిప్ ఇచ్చే అలవాటు లేదు. బల్ల మీద డబ్బులు వదిలి వస్తే, మీరు మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొస్తారు.

ఇజకాయా: కబుర్లకి దీన్ని మించింది లేదు

ఇజకాయాని బార్ అనడం సరిపోదు, హోటల్ అన్నా సరిపోదు. ఆఫీసు అయ్యాక జనం చేరి, తాగుతూ, చిన్న చిన్న ప్లేట్లు తెప్పించుకుని పంచుకుంటూ సాయంత్రం గడిపే చోటు. చాలావాటిలో చెప్పులు బయట వదిలి చాప మీద కూర్చోవాలి. బల్ల కింద గొయ్యి లాంటిది ఉంటే కాళ్ళు కిందికి వేలాడేయొచ్చు. సాక్సులకి చిల్లులు లేకుండా చూసుకోండి, మాలో ఒకడు రెండు గంటలూ బొటనవేలు దాచుకోవడంతోనే సరిపెట్టాడు.

కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి వేడి తువ్వాలు ఇస్తారు. దాని వెనకే, మీరు అడగకపోయినా, తలా ఒక చిన్న గిన్నె వస్తుంది. దాన్ని ఒతోషి అంటారు. అది ఉచితం కాదు, మనిషికి 300 నుంచి 500 యెన్లు బిల్లులో పడుతుంది. ఈ సంగతి తెలియక మేం ఒకచోట బిల్లు పట్టుకుని గొడవకి దిగాం. "మేం ఆర్డరివ్వలేదు కదా" అని మేము, "అవునండీ, ఇవ్వలేదు" అని ఆయన నవ్వుతూ. పది నిమిషాలు అదే సంభాషణ. తర్వాత తెలిసింది, అది దాదాపు కుర్చీ అద్దె లాంటిదని.

గ్లాసులో మన పానీయం మనం పోసుకోం. పక్కవాడికి మనం పోస్తాం, మనకి వాడు పోస్తాడు. అందరి గ్లాసులూ వచ్చేదాకా ఎవరూ తాగరు, వచ్చాక "కంపాయ్". పిలవాలంటే "సుమిమాసెన్!" అని గట్టిగా అరవొచ్చు, అక్కడ అది మొరటుతనం కాదు. తాగేవాళ్ళు ఎక్కువగా ఉంటే, గంటన్నరో రెండు గంటలో ఎంతైనా తాగే నోమిహోదాయ్ లాభం. బల్ల మీద అందరూ అదే తీసుకోవాలని చాలా చోట్ల నియమం ఉంటుంది కాబట్టి, ఇద్దరు తాగి ముగ్గురు చూసే గ్యాంగ్‌కి అది దండగ. తాగడానికి వయసు 20 నిండాలి.

చికెన్ మాత్రమే తినేవాడికి ఇజకాయా స్వర్గం. పుల్లలకి గుచ్చి బొగ్గుల మీద కాల్చే యాకితోరిలో కోడిలో ఏ భాగాన్నీ వదలరు. మెడ, కాలేయం, గుండె, మృదులాస్థి, తోలు, అన్నీ విడివిడిగా దొరుకుతాయి. శాకాహారికి మాత్రం ఉడికించిన పచ్చి సోయా కాయలు, బంగాళదుంప వేపుళ్ళు, ఊరగాయ ముక్కలు, చల్లటి తోఫు. ఆ తోఫు మీద కూడా చేప పొట్టు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. మూడు సోయా కాయల గిన్నెలయ్యాక మావాడి మొహం చూడాల్సింది. ఇంకో మాట, అన్నం కోసం ఎదురు చూడకండి. అన్నమో నూడుల్సో ఆఖర్న వస్తాయి, అవి తెప్పించుకున్నారంటే ఇక లేస్తున్నట్టే లెక్క.

2020 ఏప్రిల్ నుంచి హోటళ్ళ లోపల పొగ తాగడాన్ని చట్టం కట్టడి చేసింది. కానీ చిన్న పాత కొట్లకి మినహాయింపు ఉంది, పొగ పడనివాళ్ళు తలుపు దగ్గర బోర్డు చూసుకోండి.

బెల్ట్ సుషీ: తక్కువ ఖర్చు, తక్కువ టెన్షన్

బెల్ట్ మీద ప్లేట్లు తిరిగే కైతెన్ సుషీ పుట్టింది ఒసాకా పక్కనే. బీరు ఫ్యాక్టరీలో బెల్ట్ మీద కదిలే సీసాలు చూసి యోషియాకి షిరాయిషి అనే ఆయనకి ఈ ఆలోచన వచ్చింది, 1958లో మొదటి కొట్టు తెరిచాడు. 2023లో ఓ కుర్రాడు బల్ల మీది సోయా సాస్ సీసా నాకిన వీడియో దేశమంతా పాకిపోయాక, చాలా పెద్ద చైన్లలో ప్లేట్లు ఊరికే తిరగడం తగ్గింది. ఇప్పుడు స్క్రీన్ మీద నొక్కితే మీ ప్లేట్ నేరుగా మీ బల్ల ముందుకొచ్చి ఆగుతుంది.

గ్యాంగ్‌కి దీంట్లో ఉన్న సుఖం ఏమిటంటే ఎవరితో మాట్లాడక్కర్లేదు. బొమ్మలుంటాయి, ఇంగ్లీషు ఉంటుంది, ధర ఉంటుంది. నలుగురైదుగురికి సరిపోయే బల్లలు ఉంటాయి. చేప తినేవాడు ఇరవై ప్లేట్లు పేర్చినా మనిషికి 1,500 నుంచి 2,500 యెన్ల లోపే సగటు తేలుతుంది. శాకాహారికి కీరా చుట్టలు దొరుకుతాయి, దాషి పట్టించుకోనివాడైతే తీపి తోఫు సంచిలో అన్నం కూరిన ఇనారి తినొచ్చు. పిల్లలతో వెళ్తే దీన్ని మించింది లేదు, ఫ్రైలూ కేకులూ కూడా అదే స్క్రీన్‌లో ఉంటాయి. బల్ల దగ్గరున్న పంపు కింద చెయ్యి పెట్టకండి, అది టీపొడిలో పోసుకునే మరుగు నీళ్ళది.

కానీ నలభై నిమిషాల్లో అయిపోతుంది, బయట వెయిటింగ్‌లో జనం ఉంటారు, కూర్చుని ముచ్చట్లు పెట్టుకునే చోటు కాదు. సంస్కృతి అంటారా? వాళ్ళ మామూలు కుటుంబాలు ఆదివారం ఎలా తింటాయో కనబడుతుంది. నాకైతే అది తక్కువేం కాదు.

ఒకొనొమియాకి: పెనం చుట్టూ కూర్చునే ఆట

బల్ల మధ్యలో ఇనప పెనం, చుట్టూ మనం. గోధుమ పిండి, తరిగిన క్యాబేజీ, గుడ్డు, తురిమిన దుంప కలిపి దిబ్బరొట్టె అంత మందంగా వేస్తారు. ఒసాకాలో అన్నీ ఒకేసారి కలిపి పోస్తారు. హిరోషిమాలో కలపరు. ముందు కాగితమంత పల్చటి అట్టు, దాని మీద కొండలా క్యాబేజీ, పంది మాంసం ముక్కలు, పక్కన వేయించిన నూడుల్స్, కింద గుడ్డు, ఇలా పొరలు పొరలుగా పేరుస్తారు. రెండు ఊళ్ళ వాళ్ళూ తమదే అసలైనదని వాదిస్తారు, ఉలవచారు ఏ జిల్లాది బాగుంటుందని మనం కొట్టుకున్నట్టు. నా ఓటు హిరోషిమాకి. అక్కడ ఒకొనొమిమురా అని ఒక భవనమే ఉంది, అంతస్తుకి అంతస్తు ఇవే కొట్లు.

ఒసాకాలో కొన్ని చోట్ల గిన్నెలో పిండి మన చేతికే ఇస్తారు. మేం వెళ్ళిన చోట ఒక పెద్దావిడ ఉంది. మావాడు అట్టుకాడతో రొట్టెని గట్టిగా నొక్కబోతే ఆవిడ దూరం నుంచే "అక్కర్లేదు, అక్కర్లేదు" అన్నట్టు రెండు చేతులూ ఊపుతూ వచ్చేసింది. నొక్కితే లోపలి ఆవిరి పోయి గట్టిపడుతుందట. రెండు అట్టుకాడలు రెండు పక్కలా దూర్చి, మోచేతులు దగ్గరికి తెచ్చి, ఒక్క విసురులో తిప్పి చూపించింది. మావాడి రెండో ప్రయత్నంలో సగం రొట్టె పెనం అంచు దాటి బల్ల మీద పడింది. ఆవిడే ఎక్కువ నవ్వింది. జపాన్‌లో ఐదుగురం కలిసి అంత నవ్విన భోజనం మరొకటి లేదు.

మనిషికి 1,000 నుంచి 1,500 యెన్లు చాలు. మామూలుగా పంది మాంసం వేస్తారు, దాని బదులు రొయ్యలు, చీజ్, మోచీ అనే జిగట బియ్యపు ముద్ద అడగొచ్చు. ఎవరి రొట్టె వాళ్ళకి వేరు కాబట్టి రకరకాలుగా తినేవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది. కాకపోతే చాలా చోట్ల పిండిలోనే దాషి కలుపుతారు, పైన చేప పొట్టు చల్లుతారు. పొట్టు ఆపమంటే ఆపుతారు, పిండిలోది తీయలేరు. చేప రసం కూడా వద్దనేవాడికి ఇక్కడ పని లేదు. బట్టలకి పట్టిన వాసన మర్నాటికీ పోదు.

రామెన్ అనే నూడుల్స్ సూప్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మిషన్లో డబ్బులేసి టికెట్ తీసుకుని, కౌంటర్ ముందు కూర్చుని, సర్రుమని శబ్దం చేస్తూ తిని, లేచి వచ్చేయాలి. అద్భుతంగా ఉంటుంది. కానీ ఒక్కడో ఇద్దరో వెళ్ళాల్సిన చోటు, ఐదుగురు కాదు. గ్యాంగ్ విడిపోయిన మధ్యాహ్నాలకి దాచుకోండి.

ర్యోకన్‌లో ఒక రాత్రి, లేదా కొండ మీద గుడిలో ఒక రాత్రి

జపాన్ వెళ్ళే ప్రతి గ్యాంగూ తన్నుకునేది ఇక్కడే. ఒక రాత్రి పెద్ద ఖర్చు పెడదాం, దేనికి పెడదాం? రెండిట్లోనూ చాపల గది, నేల మీద పరుపు, రాత్రి భోజనం, పొద్దుటి టిఫిను కలిపే ధర. రెండిట్లోనూ ధర మనిషికే, గదికి కాదు. ఒకే గదిలో నలుగురు సర్దుకుంటే ఖర్చు నాలుగో వంతు అవుతుందని లెక్కేసుకోకండి.

ర్యోకన్ అంటే సంప్రదాయ సత్రం, ఎక్కువగా వేడినీటి బుగ్గలున్న ఊళ్ళలో. ఓ మోస్తరు వాటిలో మనిషికి 15,000 నుంచి 30,000 యెన్లు. సాయంత్రం వెళ్ళగానే యుకాతా అనే పల్చటి నూలు అంగీ ఇస్తారు, ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. తిరగేసి కడితే శవానికి కట్టినట్టు. భోజనం కైసెకి పద్ధతిలో, ఒకటి తర్వాత ఒకటిగా పదీ పన్నెండు చిన్న పింగాణీ పాత్రల్లో వస్తుంది. పచ్చి చేప, ఉడికినది, కాల్చినది, ఆవిరి పట్టినది, అన్నిటికీ చివర అన్నం, సూప్, ఊరగాయ. ఆ కాలంలో దొరికే ఆకో పువ్వో పాత్ర పక్కన కనిపిస్తుంది. జపాన్ భోజన సంప్రదాయమైన వాషోకుని 2013లో యునెస్కో జాబితాలో చేర్చడానికి కారణాల్లో ఈ ఋతువుల పట్టింపు ఒకటి. కినొసాకి లాంటి ఊరైతే ఇంకా సరదా. ఊరి స్నానశాలలు, వాటి మధ్య కాలవ పక్కన చెక్క చెప్పులు టకటకలాడిస్తూ యుకాతాల్లో తిరిగే జనం. నవంబర్ 6 నుంచి అక్కడ పీతల సీజను, చేపలూ పీతలూ తినేవాళ్ళు దాన్ని వదులుకోకూడదు.

చిక్కులు రెండు. ఒకటి, కైసెకి అడుగడుగునా దాషి. శాకాహార భోజనం కావాలంటే బుకింగ్ అప్పుడే అడగాలి, చాలామంది కుదరదనే చెప్తారు. రెండు, స్నానం. బట్టలేవీ లేకుండా, ఆడవాళ్ళూ మగవాళ్ళూ వేరువేరుగా, అందరితో కలిసి. కొందరు ఫ్రెండ్స్ మధ్య ఇది నవ్వులాట, కొందరికి నరకం. టాటూ ఉంటే చాలా చోట్ల రానివ్వరు, ముందే కనుక్కోండి.

గుడిలో బసని షుకుబో అంటారు. దానికి పేరు పడ్డ చోటు కోయాసాన్. ఒసాకా నంబా నుంచి రైల్లో గంటన్నర, ఆపైన నిటారుగా కొండెక్కే కేబుల్ కారు, ఆ తర్వాత బస్సు. కూకై అనే సన్యాసి 816లో ఈ కొండని చక్రవర్తి నుంచి పొంది షింగోన్ అనే బౌద్ధ శాఖకి కేంద్రంగా చేశాడు. ఇప్పుడు నూటికి పైగా గుళ్ళున్నాయి, వాటిలో యాభై దాకా యాత్రికులకి గదులిస్తాయి. ధర ర్యోకన్ కంటే సాధారణంగా కాస్త తక్కువే.

ఇక్కడి భోజనం షోజిన్ ర్యోరి. మాంసం లేదు, చేప లేదు, దాషి కూడా కొంబు, పుట్టగొడుగులతో తీసినదే. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. మా కార్తీకమాసం సన్యాసి ఆ ఎర్రటి లక్క బల్ల ముందు కూర్చుని, ప్రయాణం మొత్తంలో మొదటిసారి ఎవరినీ ఏమీ అడక్కుండా తిన్నాడు. నువ్వుల పాలని కుడ్జు అనే తీగ దుంప పిండితో ఉడికించి జున్నులా పేరబెట్టిన గోమాదోఫు, గడ్డకట్టించి ఎండబెట్టి మళ్ళీ రసంలో నానబెట్టిన కోయాదోఫు. రెండోది నోట్లో పెట్టుకుని నొక్కితే స్పాంజిలా రసం కారుతుంది. చప్పగా ఉంటుంది, దాచను. రెండో ముద్దకి చప్పదనం పోయి వేరే ఏదో తెలుస్తుంది. మా చేపల ప్రియుడికి ఆ రెండో ముద్ద ఎప్పటికీ రాలేదు, రాత్రి తొమ్మిదింటికి వెండింగ్ మిషన్ వెతుక్కుంటూ వెళ్ళాడు.

చాలా గుళ్ళలో బీరు, సాకే అనే బియ్యపు మద్యం కూడా అడిగితే ఇస్తారు. సన్యాసుల మాటల్లో సాకేకి పాత ముద్దుపేరు హన్న్యాతో, ప్రజ్ఞా జలం అని అర్థం. హన్న్యా అంటే మన ప్రజ్ఞే, పలుకుబడి మారింది. ఇలాంటివి ఆ కొండ మీద కాళ్ళకి తగులుతూనే ఉంటాయి. కొన్ని గుళ్ళలో పొద్దున్నే గోమా చేస్తారు, అది హోమమే. పెద్ద దేవదారు చెట్ల మధ్య రెండు లక్షలకి పైగా సమాధులున్న ఒకునోయిన్‌లో రాతి స్తంభాలు ఐదేసి అంతస్తులుగా ఉంటాయి, పంచభూతాలకి గుర్తుగా. వాటి మీద చెక్కినవి మన దేశం నుంచి వెళ్ళిన సిద్ధం లిపి అక్షరాలు. షింగోన్ గురుపరంపరలో నాగార్జునుడు ఉన్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపు తెరిచి ఆయన ఈ విద్యని అందుకున్నాడని వాళ్ళ కథ. ఆ స్తూపం మన అమరావతిదే అయ్యుంటుందని ఊహించిన పండితులూ ఉన్నారు. కూకై చనిపోలేదనీ, ఒకునోయిన్ చివర ధ్యానంలోనే ఉన్నాడనీ వాళ్ళ నమ్మకం. రోజూ పొద్దున రెండుసార్లు సన్యాసులు ఆయనకి చెక్కపెట్టెలో భోజనం మోసుకెళ్తారు. మహానైవేద్యం పట్టుకెళ్ళడం చూసినవాళ్ళకి అది కొత్తగా అనిపించదు.

కష్టాలూ ఉన్నాయి. ఎనిమిది వందల మీటర్ల ఎత్తు, నవంబర్లోనే ఎముకలు కొరికే చలి, కాగితపు తలుపులు. రాత్రి భోజనం ఐదున్నరా ఆరింటికే, ఆలస్యంగా వస్తే ఉండదు. పొద్దున ఆరుకో ఆరున్నరకో ప్రార్థన. పక్క గదికీ మనకీ మధ్య కాగితమే అడ్డం కాబట్టి రాత్రి పేకాట గోల కుదరదు.

నా తీర్పు ఇది. గ్యాంగ్‌లో నిక్కచ్చి శాకాహారి ఒక్కడున్నా గుడికే వెళ్ళండి. ర్యోకన్‌లో ఐదుగురు డబ్బు కడితే నలుగురే తింటారు, గుడిలో ఐదుగురూ తింటారు. అందరూ చేపలు తినేవాళ్ళయితే, ముఖ్యంగా చలికాలంలో, ర్యోకన్‌కి మించింది లేదు.

మెట్ల కింద బజారు, చెట్టు కింద భోజనం

పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల బేస్‌మెంట్‌లో తిండి బజారు ఉంటుంది, దెపాచికా అంటారు. మూసే వేళకి గంట ముందు వెళ్తే డబ్బాల మీద సగం ధర స్టిక్కర్లు అతికిస్తుంటారు. ఎవరికి కావాల్సింది వాళ్ళు కొనుక్కుని పార్కులో చాప పరుచుకోండి. టోక్యోలో మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో చెర్రీలు పూసినప్పుడు ఉయెనో పార్కులో ఊరంతా చేసేది ఇదే. వనభోజనాలకి మనం ఉసిరి చెట్టు వెతుక్కుంటాం, వాళ్ళు చెర్రీ చెట్టు. కన్వీనియన్స్ స్టోర్లో ఉమెబోషి అనే ఉప్పులో ఊరేసిన పండు పెట్టిన అన్నం ముద్ద తీసుకోండి, ఆ పులుపూ ఉప్పూ నాలికకి తగిలితే ఊరేసిన ఉసిరికాయ గుర్తొస్తుంది. దాంట్లో కూడా చేప సారం కలిపేవాళ్ళున్నారు, ఫోన్ కెమెరాతో లేబుల్ తర్జుమా చేసి చూడండి. చెత్తబుట్టలు కనబడవు, ఒక సంచి వెంట పెట్టుకోవాలి. క్యోటోలోని నిషికి బజారులో నడుస్తూ తినొద్దని బోర్డులుంటాయి, కొన్న కొట్టు ముందే నిలబడి తినేయాలి.

| ఎంపిక | మనిషికి ఖర్చు (యెన్లు) | ఐదుగురికి చోటు | నిక్కచ్చి శాకాహారికి | కూర్చునే సమయం | బుకింగ్ |
|---|---|---|---|---|---|
| ఇజకాయా | 3,000–5,000 | బాగా కుదురుతుంది | కష్టం | రెండు గంటలు | శుక్ర, శనివారాల్లో తప్పనిసరి |
| బెల్ట్ సుషీ | 1,500–2,500 | కుదురుతుంది | రెండు మూడు రకాలే | 40 నిమిషాలు | యాప్‌లో నంబరు తీసుకుంటే మేలు |
| ఒకొనొమియాకి | 1,000–1,500 | బల్లలున్న చోట | కుదరదు | గంటన్నర | చిన్న కొట్లలో ఉండదు |
| ర్యోకన్ | 15,000–30,000 | రెండు గదులు | ముందే ఒప్పుకుంటేనే | సాయంత్రం నుంచి పొద్దుటి దాకా | చాలా ముందుగా |
| గుడిలో బస | 10,000–20,000 | ఒకటో రెండో గదులు | పూర్తిగా నిశ్చింత | సాయంత్రం నుంచి పొద్దుటి దాకా | చాలా ముందుగా |
| దెపాచికా, పార్కు | 800–2,000 | ఎంతమందైనా | లేబుల్ చూసుకుంటే సరే | మీ ఇష్టం | అక్కర్లేదు |

మీ గ్యాంగ్ ఎలాంటిది?

కాలేజీ స్నేహితులు, అన్నీ తింటారు, డబ్బు తక్కువ: మధ్యాహ్నాలు బెల్ట్ సుషీ, రామెన్. రెండు రాత్రులు ఇజకాయా. ఒకరోజు ఒకొనొమియాకి. ర్యోకన్ మానేసి, వేడినీటి బుగ్గ ఊళ్ళో పగటిపూట స్నానానికి మాత్రం వెళ్ళి రండి.

భార్యాభర్తల జంటలు రెండు మూడు కలిసి వెళ్తుంటే: ర్యోకన్ ఒక రాత్రి. మిగతా ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించొద్దు. వేరుగా సొంత స్నానాల తొట్టి ఉన్న గదులు దొరుకుతాయి, ఖర్చు ఎక్కువే కానీ మొహమాటం తప్పుతుంది.

మాలాగా తలా ఒక దారి ఉంటే: మొదటి రాత్రి దెపాచికా, నడుమ ఒకొనొమియాకి, ఆఖర్న కోయాసాన్. ఇజకాయాకి, ఒకొనొమియాకికి వెళ్ళే రోజుల్లో శాకాహారికి సాయంత్రం ఐదింటికే ఇండియన్ హోటల్లో తినిపించి తీసుకెళ్ళండి, కబుర్లకి కూర్చుంటాడు. టోక్యోలో నిషి కసాయి వైపు మనవాళ్ళు బాగా ఉన్నారు, దోసె దొరుకుతుంది.

అమ్మానాన్నలు వెంట ఉంటే నేల మీద కూర్చోవడం, లేవడం గురించి ఆలోచించండి. చాలా గుళ్ళలో, ర్యోకన్లలో పొట్టి కుర్చీలు అడిగితే ఇస్తారు, ముందే రాసి పెట్టండి.

ఎక్కడికెళ్ళినా రెండు పనులు చెయ్యకండి. చాప్‌స్టిక్‌లని అన్నంలో నిలువుగా గుచ్చడం ఒకటి, అది చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నం. మీ చాప్‌స్టిక్‌ల నుంచి పక్కవాడి చాప్‌స్టిక్‌లకి ముక్క అందించడం రెండోది. దహనం తర్వాత అస్థికలు ఏరేటప్పుడు వాళ్ళు అలా చేతులు మారుస్తారు. మనింట్లో పిల్లాడు ఆటకి అన్నాన్ని పిండంలా ముద్ద చేసి పక్కన పెడితే అమ్మమ్మ ఎలా ఉలిక్కిపడుతుందో, అలా ఉలిక్కిపడతారు.

పచ్చళ్ళు పట్టుకెళ్ళొచ్చా అని అందరూ అడుగుతారు. ఆవకాయ, గోంగూర, కారప్పొడితో మాకు ఇబ్బంది రాలేదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయండి, మాంసంతో చేసిన పదార్థాలు జపాన్‌లోకి తీసుకెళ్ళడం నిషేధం. తెచ్చిన ఆవకాయ డబ్బా హోటళ్ళలో బల్ల మీద పెట్టకండి, బయటి తిండి తేవడం అక్కడ మర్యాద కాదు.

ఫోన్లో ఈ ఒక్క వాక్యం పెట్టుకోండి: "నికు మో సకానా మో తబేమాసెన్. కత్సువో దాషి మో దామె దెసు." మాంసం, చేప తినను, చేప రసం కూడా పనికిరాదు అని. మావాడు దీన్ని ఎంత బాగా బట్టీ పట్టాడంటే, కోయాసాన్‌లో భోజనం పళ్ళెం తెచ్చిన కుర్ర సన్యాసికి కూడా అలవాటుగా అప్పజెప్పేశాడు. ఆ అబ్బాయి పళ్ళెం కింద పెట్టి, తల వంచి, "నేనూ అంతేనండీ" అన్నాడు.